మందార కొమ్మలో తట్టల వరస

"సార్, అమ్మగారింటి నుంచి ఆరు మందార కొమ్మలు తెచ్చి గుచ్చిన. నాలుగు చిగురు గూడ పెట్టినయ్. పది రోజులకు అన్నీ ఎండినయ్. నా హస్తవాసి మంచిది కాదంటున్నరు."

దేవరకొండ నుంచి ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న ఇది. హస్తవాసికీ దీనికీ ఏ సంబంధం లేదమ్మా. కొమ్మలో దాచుకున్న పిండిపదార్థంతో వేరు లేకుండానే చిగురు వస్తుంది. ఆ నిల్వ అయిపోగానే ఎండుతుంది. చూడాల్సింది కింద, కోసిన చోట.

లేత ఆకుల్లో ఆక్సిన్ అనే హార్మోను తయారై కొమ్మ వెంట కిందికి వస్తుంది. జారిపడి రాదు, చేతులు మారి వస్తుంది. స్లాబు పోసే రోజు మన పాలమూరు కూలీలు వరసగా నిలబడి మాలు తట్టలు అందించుకుంటారే, అచ్చం అలా. ప్రతి కణం ఒక కూలీ. కణాల గోడల్లో పీహెచ్ దాదాపు 5.5, అంటే కాస్త పులుపు. అక్కడ ఆక్సిన్‌లో కొంత భాగం విద్యుదావేశం లేకుండా ఉండి, కణం పొర దాటి లోపలికి దూరుతుంది. లోపల పీహెచ్ 7 దగ్గర, అంటే పులుపు లేదు. అక్కడ హైడ్రోజన్ అయానును వదిలేసి ఆవేశం తెచ్చుకుంటుంది, ఇక పొర దాటలేదు. బయటపడాలంటే 'పిన్' అనే ప్రోటీన్లే ముఖ్యమైన తలుపు. అవి ఎక్కువగా కణం అడుగు వైపునే ఉంటాయి. కాబట్టి తట్ట ఎప్పుడూ కింది కూలీకే అందుతుంది. వేగం గంటకు సుమారు 1 సెంటీమీటరు. జానెడు కొమ్మ దాటడానికి ఒక పగలూ రాత్రీ పడుతుంది.

కొమ్మను కోస్తే వరస తెగింది. తట్టలు వస్తూనే ఉంటాయి, చివరి కూలీ దగ్గర అందుకునే మనిషి లేడు. అక్కడే గుట్టపడతాయి. ఆ గుట్టే కోసిన చోటి కణాలను వేర్లుగా మలుస్తుంది!

1878లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫోఖ్టింగ్ విల్లో అనే చెట్టు కొమ్మల్ని తలకిందులుగా వేలాడదీసి చూపించాడు. వేర్లు అసలు మొదలు వైపునే వచ్చాయి, ఇప్పుడది పైకి ఉన్నా సరే. కూలీలు నేలను చూసి కాదు, తాము నిలబడ్డ తీరును బట్టి తట్ట అందిస్తారు. అందుకే నేను మొదలు ఏటవాలుగా, కొస తిన్నగా కోస్తాను. తలకిందులుగా గుచ్చే పొరపాటు జరగదు.

ఆకులన్నీ తుంచితే తట్టలు నింపేవాళ్లు తగ్గిపోతారు. అన్నీ ఉంచితే నీరంతా ఆవిరైపోతుంది. రెండాకులు ఉంచి, వాటినీ సగానికి కత్తిరించండి. 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసాను అడ్డంగా కోసి, అడుగు ముక్కకు కాల్చిన మేకుతో బొక్కలు పెట్టి, కడిగిన ఇసుక నింపండి. అందులో కొమ్మ గుచ్చి, పై ముక్క బోర్లించి నీడలో పెట్టండి. నల్లరేగడి వద్దు. తడిస్తే అందులో గాలి ఆడదు, మొదలు కుళ్లుతుంది. రోహిణి కార్తె ఎండల్లో కాదు, మృగశిర దాటాక మొదలుపెట్టండి.

దొంగిలించి తెచ్చిన మనీప్లాంటే బతుకుతుందన్న మాట మా క్లాసులో ఏటా వస్తుంది. దాని కణుపు దగ్గర వేరు మొటిమలు ముందే ఉంటాయి. అడిగి తెచ్చిన కణుపును పిల్లలతోనే నీళ్లలో వేయిస్తాను. వేర్లు వాళ్ల కళ్ల ముందే వస్తాయి.

మొన్న నా మందార కొమ్మను ఇరవై మూడో రోజున పైకి తీశాను. కోత అంచున సగ్గుబియ్యంలాంటి తెల్లని గడ్డలు, వాటి పక్క నుంచి దారపు పోగులంత వేర్లు మూడు, ఒక దానికి ఇసుక రేణువు పట్టుకుని ఉంది. మీరు మాత్రం పీకి చూడకండి. రెండు వేళ్లతో మెల్లగా పైకి లాగితే కొమ్మ కదలకూడదు. అప్పుడు సీసా తీయండి.