గ్లోవ్స్ ఉన్నాయి కదా, చేతులెందుకు కడగాలి అనేవాళ్ళ కోసం

నిన్న కూడా ఒకావిడ పరుగెత్తుకొచ్చింది, "మేడమ్, మీ సిస్టర్ గ్లోవ్స్ లేకుండానే మా నాన్నకి బీపీ చూసింది, ఏమన్నా అంటుకుంటే ఎలా" అని. ఏడుపు ఒక్కటే తక్కువ. ఆవిడని తప్పుపట్టను, లోపల ఉన్నది కన్నతండ్రి. కానీ మామూలు పేషెంట్‌కి బీపీ చూడ్డానికి గ్లోవ్స్ అక్కర్లేదండీ. రక్తం, మూత్రం, మోషన్, పుండు తగిలే పనికి కావాలి. ముట్టుకునే ముందు హ్యాండ్ రబ్ (చేతులకి రాసుకునే శానిటైజర్) రాసుకుందా లేదా, అడగాల్సింది అదీ.

ఇన్నేళ్ళ ఇన్ఫెక్షన్ కంట్రోల్ డ్యూటీలో పేషెంట్లకి ఎక్కువ చేటు చేసిన అపోహ ఇదే, గ్లోవ్స్ ఉంటే చాలనుకోవడం. గ్లోవ్ మీద కూడా క్రిములు చేతి మీద ఉన్నట్టే ఉంటాయి, కంటికి కనపడని చిల్లులుండొచ్చు, విప్పేటప్పుడు చేతికి అంటుతుంది. ఒట్టి చేతికి ఏదన్నా అంటితే మనకే చిరాకేసి కడిగేసుకుంటాం, గ్లోవ్ ఉంటే ఆ చిరాకే పుట్టదు.

నేను ఇన్‌చార్జ్ అయిన కొత్తల్లో నైట్ రౌండ్‌కి వెళ్తే, ఐసీయూలో ఒకమ్మాయి యూరోబ్యాగ్ (మూత్రం సంచి) ఖాళీ చేసి అవే గ్లోవ్స్‌తో పక్క బెడ్ పేషెంట్ సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసిన గొట్టం) పట్టుకుంది. అందరి ముందూ అరిచేశా. తర్వాత చూస్తే ఆ రాత్రి ఆరు బెడ్లకి తనొక్కతే, రబ్ బాటిలేమో ఎక్కడో నర్సింగ్ స్టేషన్‌లో. మర్నాడే ప్రతి బెడ్ కాళ్ళవైపు ఒక బాటిల్ తగిలించాం. నా అరుపుల వల్ల కానిది దాంతో అయింది. ఇంకోటి, రౌండ్స్‌లో సీనియర్ రాసుకోకపోతే జూనియర్ రాసుకోదు, ఎన్ని పోస్టర్లు అంటించినా అంతే.

చేతులు శుభ్రం చేసుకోవాలని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిన 5 సందర్భాల్లో "ముట్టుకున్నాక" అనేవి అందరికీ గుర్తుంటాయి ఎందుకంటే అవి మన భయం, "ముట్టుకునే ముందు" అనేవే మర్చిపోతాం, అవేమో పేషెంట్ ప్రాణం. రబ్ 20-30 సెకన్లు, సబ్బు నీళ్ళయితే 40-60. మురికి కనిపిస్తే, సి డిఫ్ అనే బాక్టీరియా వల్ల వచ్చిన విరేచనాల కేసైతే రబ్ చాలదు, సబ్బు నీళ్ళే.

మిగతావి గబగబా చెప్పేస్తా. ఫ్యూమిగేషన్ (క్రిములు చావడానికి గదిలో మందు పొగ పట్టడం) చేశాం కదా అని ఆపరేషన్ థియేటర్ తుడవడం మానకూడదు. పెద్ద యాంటీబయాటిక్ పడుతోందని డ్రెస్సింగ్‌లో అశ్రద్ధ పనికిరాదు. వాడిన సూదికి మళ్ళీ క్యాప్ పెట్టొద్దు, గుచ్చుకుంటే తిడతారని దాచొద్దు తల్లీ, హెచ్‌ఐవీ పీఈపీ (అంటకుండా వేసుకునే మందులు) వీలైతే 2 గంటల్లోనే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే లాభం లేదు.

నిన్న వచ్చిన ఆవిడని బెడ్ దగ్గరికి తీసుకెళ్ళి, కాళ్ళవైపున్న బాటిల్ చూపించి, మీరూ నాన్నగారి చెయ్యి పట్టుకునే ముందు రాసుకోండమ్మా అన్నా. నాలుగు రోజులుగా అక్కడే ఉంటోంది, అది తను కూడా వాడొచ్చని ఎవరూ చెప్పలేదట.