గని జబ్బుకు గని అక్కర్లేదు

విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో 1979లో కరెంటు ఉత్పత్తి మొదలైంది. అప్పటి నుంచీ బొగ్గు ర్యాకులు (గూడ్సు రైళ్లు) వస్తూనే ఉన్నాయి. వ్యాగన్‌ను తలకిందులు చేసే టిప్లర్ యంత్రం మీద వ్యాగన్ బోర్లపడ్డప్పుడు, ఒక బెల్టు నుంచి ఇంకో బెల్టు మీదికి బొగ్గు జారేచోట, క్రషర్ దగ్గర దుమ్ము లేస్తుంది. కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. భయపడాల్సింది 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు రేణువులకే. అవి ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా పోతాయి. గని కార్మికుల ఊపిరితిత్తుల జబ్బు మొదలయ్యేది వీటితోనే.

అక్కడ కాపలా కాసేవి మాక్రోఫేజ్ కణాలు. సూక్ష్మక్రిమిని మింగితే ఎంజైములతో అరిగించేస్తాయి, బొగ్గు మాత్రం అరగదు. కొంత దుమ్మును పైకి మోసుకొస్తే కఫంతో బయటికి పోతుంది. మోతాదు మించితే ఆ కణాలే కదల్లేవు. దుమ్ములో రాతి నుంచి వచ్చే సిలికా ఉంటే ఎంజైముల సంచి లోపలే చిట్లుతుంది. దాంతో ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రోటీన్ల వ్యవస్థ మేల్కొని, వాపు పుట్టించే ఐఎల్-1 బీటా అనే సంకేత ప్రోటీన్‌ను వదులుతుందని 2008లో తేలింది. కణం చచ్చి పగిలితే మింగిన దుమ్మంతా మళ్లీ బయటపడుతుంది, దాన్ని ఇంకో మాక్రోఫేజ్ మింగుతుంది. ఈ వాపు ఆగక చుట్టూ కొల్లాజెన్ అనే పీచు ప్రోటీన్ పేరుకుని మచ్చ కడుతుంది. డ్యూటీ మానేశాక కూడా జబ్బు ముదరడానికి కారణం ఇదే.

గని కార్మికుడి నల్లబడ్డ ఊపిరితిత్తుల గురించి ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ గ్రెగరీ 1831లోనే రాశారు. అయినా తప్పంతా రాతిలోని సిలికాదే, బొగ్గు హాని చెయ్యదన్న నమ్మకం 20వ శతాబ్దంలోనూ బలంగా నిలిచింది. 1940లో జెత్రో గఫ్ అనే పాథాలజిస్టు బ్రిటన్‌లోని సౌత్ వేల్స్‌లో ఓడల్లో బొగ్గు సర్దే కూలీల ఊపిరితిత్తులను పరీక్షించి ఇదే జబ్బును చూశారు. వాళ్ల పని రాయి తొలచడం కాదు, తవ్వి తెచ్చిన బొగ్గును సర్దడమే. బొగ్గు దించేవాళ్లున్న మన ఊరికి ఈ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే.

మన ఫ్యాక్టరీల చట్టంలో 1987 సవరణ అప్పట్లో పెట్టిన హద్దు: క్వార్ట్జ్ (సిలికాలో ఒక రకం) 5 శాతం లోపున్న, ఊపిరితిత్తుల లోతుకు చేరే బొగ్గు ధూళి ఘనపు మీటరు గాలిలో 2 మిల్లీగ్రాములు దాటకూడదని.

దుమ్ము లేచాక నీళ్లు చల్లితే సన్న రేణువులు సరిగా దొరకవు, బోర్లించేముందే బొగ్గు తడవాలి. పొడి చీపురుతో ఊడ్చినా, కంప్రెసర్ గాలితో బట్టలు దులిపినా అణగిన దుమ్ము మళ్లీ లేస్తుంది. ముఖానికి చుట్టిన తువ్వాలు సన్న రేణువులను ఆపలేదు. ఎన్95 మాస్కు చాలావరకు ఆపుతుంది, కానీ గడ్డం ఉంటే అంచుల్లోంచి గాలి దూరుతుంది. ఎక్స్‌రేలో మచ్చ కనపడడానికి సాధారణంగా పదేళ్లకు పైనే పడుతుంది. ఈలోగా కాంట్రాక్టర్లు మారిపోతారు. అందుకే పనిలో చేరినప్పటి ఎక్స్‌రే కార్మికుడి చేతిలోనే ఉండాలి.