చుక్క కారడం లేదంటే పెట్రోల్ లైను బాగున్నట్టు కాదు

మొన్న మిర్యాలగూడ నుంచి ఒకాయన వచ్చారు. ప్రీమియర్ పద్మిని, తండ్రి కొన్న బండి. "అన్నా, కార్బొరేటర్ కిట్టు ఏయించిన, పెట్రోల్ గుంజే ఏసీ పంపు మార్పిచ్చిన, ప్లగ్గులు, పాయింట్లు అన్నీ అయినయ్. రోడ్డెక్కి జర తొక్కంగనే గుంజుత లేదు" అన్నారు. లైను చూపించావా అని అడిగితే, "లైనుకేమైందన్నా? ఒక్క చుక్క కారుత లేదు" అని జవాబు.

నల్గొండలో షెడ్డు పెట్టిన నాటి నుంచీ ఈ మాట వింటున్నాను. పాత బండ్లవాళ్ల జేబుకు దీనంత చిల్లు పెట్టే మాట ఇంకోటి లేదు.

అపోహ: పెట్రోల్ కారకపోతే లైను మంచిదే.

వాస్తవం: పాత అంబాసిడర్, పద్మిని బండ్లలో ట్యాంకు వెనకాల, పంపు ముందు ఇంజన్ పక్కన. ఆ మధ్యలో పెట్రోల్‌ను ఏదీ తోయదు, పంపు పీలుస్తుంది. బావి మోటరు సంగతే చూడండి. సక్షన్ పైపుకు చిల్లు పడితే నీళ్లు బయటికి కారతాయా? కారవు. పైపు గాలి లాగుతుంది, మోటరు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం పోయవు. అప్పుడు రైతు మోటరు విప్పడు. ముందు పైపు అడుగున ఉండే ఫుట్‌బాల్ (వాల్వు) చూస్తాడు, తర్వాత జాయింట్లు తడుముతాడు. అదే రైతు తన అంబాసిడర్ ఆగితే మాత్రం నేరుగా వచ్చి "కార్బొరేటర్ విప్పు" అంటాడు!

వెంట్రుకంత పగులు చాలు. మెల్లగా పోతే వచ్చిన పెట్రోల్‌తో బండి నెట్టుకొస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడో, నలుగురు కూర్చున్నప్పుడో చాలదు. రాత్రంతా నిలబెడితే ఆ పగులు గుండా గాలి దూరి, లైనులో ఉన్న పెట్రోల్ మెల్లగా వెనక్కి ట్యాంకులోకి జారుతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగుతుంది. ఆ నింద చోక్ మీద పడుతుంది.

ఎండాకాలంలో ఇంకో పేరు సిద్ధంగా ఉంటుంది: వేపర్ లాక్, అంటే వేడికి లైనులోనే పెట్రోల్ ఆవిరై ఇంజన్‌కు అందకపోవడం. అది అబద్ధమని నేననను. పెట్రోల్‌లో తేలిక భాగాలు ముప్పై అయిదు, నలభై డిగ్రీలకే ఆవిరి కావడం మొదలుపెడతాయి. మన మే నెల ఎండలో బానెట్ కింద ఎలా ఉంటుందో చెప్పేదేముంది. కానీ ప్రతిదానికీ అదే పేరు పెట్టేస్తున్నాం. ఆ తప్పు నేనూ చేశాను.

ఒక రిటైర్డ్ సారుకు అంబాసిడర్ ఉంది. హాలియా దాటి సాగర్ దారిలో రెండుసార్లు ఆగిపోయింది. వేపర్ లాకేనని పంపుకు తడిగుడ్డ కట్టించాను. ఇంకోసారి పంపే మార్చాను. సారు మారుమాట్లాడకుండా డబ్బులిచ్చారు. డిసెంబర్‌లో, మంచు పడుతున్న పొద్దున, ఆటోకు తాడు కట్టి బండిని గుంజుకొచ్చారు. దిగి ఒకటే అడిగారు: "చలికాలంల గూడ ఆవిరేనా?"

సిగ్గుతో పంపు ముందు గాజు ఫిల్టరు పెట్టి ఇంజన్ నడిపాను. గాజులో సోడా బుడగలు లేచినట్టు గాలి. తర్వాత ట్యాంకు లైను తీసేసి, వేరే క్యాన్ నుంచి కొత్త గొట్టంతో పంపుకు పెట్రోల్ ఇచ్చాను. షెడ్డులో అరగంట రేసు మీద ఉంచినా ఇంజన్ మిస్సు కొట్టలేదు. మరి తప్పు ఎక్కడుంది? బండి కింద పడుకుని చూస్తే, ట్యాంకు దగ్గర ఇనుప పైపుకు తొడిగిన జానెడు రబ్బరు గొట్టం. పైకి నున్నగా, నల్లగా ఉంది. వంచితే ఎండిన చెరువులో ఒండ్రులా పర్రెలు విచ్చుకున్నాయి. బ్లేడుతో నిలువునా కోశాను. లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతోంది. పంపు గట్టిగా పీల్చినప్పుడల్లా ఆ నాలుకే దారి మూసేది. ఆ ముక్క ధర రెండు వందలు కూడా లేదు. అనవసరంగా మార్చిన పంపు డబ్బులు సారుకు తిరిగిచ్చేశాను.

అపోహ: ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వచ్చింది, ఇక పాత బండ్లు తుక్కుకే.

వాట్సాప్ చూసి బండి అమ్మేస్తామని ఫోన్లు చేస్తున్నారు. తొందరపడకండి. ఇథనాల్ పాత రకం రబ్బరును ఉబ్బిస్తుంది, పెళుసు చేస్తుంది. లైనులో ఏళ్లుగా పేరుకున్న జిగురును కరిగించి ఫిల్టరుకు తెస్తుంది. తేమను కూడా పీలుస్తుంది. ఇది నిజమే. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. అంటే మార్చాల్సింది గొట్టాలు, వాషర్లు, పంపు డయాఫ్రం (లోపలి రబ్బరు పొర). బండిని కాదు. గొట్టం మీద పెట్రోల్ గొట్టాల ప్రమాణం గుర్తు ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని అచ్చు ఉందో లేదో చూసి కొనండి.

ఇక్కడ మాత్రం భయపడాలి: పంపు దాటాక కార్బొరేటర్ దాకా లైనులో ప్రెషర్ ఉంటుంది. ఆ ముక్క పగిలితే పెట్రోల్ కారుతుంది. అంబాసిడర్‌లో కార్బొరేటర్ కిందనే కాలే మ్యానిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికి పోయే గొట్టం). అక్కడ కూలరు పైపు తొడిగిన బండ్లు నా షెడ్డుకు వస్తూనే ఉన్నాయి. వాటిని అదే రోజు పీకేస్తాను, ఓనరు వద్దన్నా సరే.

అపోహ: కంప్రెసర్ గాలి కొడితే లైను కొత్తదైపోతుంది.

చెత్త అడ్డుపడితే పోతుంది, తుప్పు పోదు. ఇనుప పైపు లోపల తుప్పు పట్టిందంటే ఈరోజు కడిగినా నెలకు మళ్లీ ఎర్రపొడి రాలుతుంది. మార్చాల్సిందే. గాలి కొట్టేటప్పుడు రెండు కొసలూ విప్పండి. పంపు తగిలించే కొడితే డయాఫ్రం చినుగుతుంది. జిగురుకు థిన్నర్ వాడొచ్చు, ఇనుప పైపులో మాత్రమే. రబ్బరులో పోయకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఫ్రిజ్ షాపు రాగి పైపు మెరుస్తుంది కానీ బండి అదురుకు గట్టిపడి పగులుతుంది. ట్యాంకు చెమ్మకు బట్టల సబ్బు రుద్దడం ఇల్లు చేరేవరకే. రెండు మూడు ఫిల్టర్లు పెడితే పంపుకు పీల్చడం ఇంకా కష్టం. హాక్సా బ్లేడుతో పైపు కోస్తే ఆ పొడి అంతా కార్బొరేటర్లోకే పోతుంది, కట్టర్ వాడండి.

లైను మార్చాక ఇంజన్ నడుస్తుండగా ప్రతి క్లిప్పు దగ్గర పొడి వేలు పెట్టి చూడండి. ఆ పూటకు డబ్బులు పూర్తిగా ఇవ్వకండి, నాకైనా సరే. మర్నాడు పొద్దున ఎన్ని సెల్ఫ్‌లకు అందుకుంటుందో చూసి ఇవ్వండి.