నల్లరాతిలో దాగిన నగిషీ

1213లో కట్టిన రామప్ప గుడి చూరు కింద మదనికను ఫొటో తీస్తే చాలామందికి జరిగేది ఒకటే. వెనక ఆకాశం తెల్లగా మెరుస్తుంది, బొమ్మ మాత్రం నల్లటి నీడలా వస్తుంది. అసలే నున్నటి నల్లరాయి, పైగా చూరు నీడ. మెడలో హారాల వరసలు, వేళ్ల సందులు కంటికి స్పష్టంగా కనిపించాయి, ఫొటోలో లేవు. నిజానికి అవి చాలావరకు ఫైల్లోనే ఉన్నాయి, మన కంటికి ఆననంత చీకట్లో.

వాట్సాప్‌లో పంపుకునే జేపెగ్ ఫొటోలో ఒక్కో రంగుకు 0 నుంచి 255 దాకా 256 మెట్లే. సెన్సర్ పట్టింది పట్టినట్టే దాచే 14 బిట్ల రా ఫైల్లో అయితే 16,384. కానీ ఈ మెట్లు వెలుగుకీ నీడకీ సమానంగా దక్కవు. వెలుగు సగమయ్యే ఒక్కో అంచెను స్టాప్ అంటారు. సెన్సర్‌కు వెలుగు సగమైతే అంకె కూడా సగమే. అందుకే అన్నిటికన్నా ప్రకాశవంతమైన స్టాప్ ఒక్కటే 8,192 మెట్లు తీసేసుకుంటుంది. దాని కిందిదానికి 4,096, ఆ కిందిదానికి 2,048. అలా ఆరో స్టాప్‌కు దిగేసరికి మిగిలేవి 256. మన హారాలు ఉన్నది ఆ అడుగునే! పైగా అక్కడ సెన్సర్‌కు చేరిన వెలుగే తక్కువ, నీడను బాగా పైకి లాగితే ఇసక చల్లినట్టు నాయిస్ తేలేది ముఖ్యంగా అందుకే.

ఆకాశం సంగతి వేరు. మూడు రంగులూ గరిష్ఠానికి చేరిపోతే అక్కడి మబ్బును ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు, రికార్డయితే కదా! అందుకే నేను రాలోనే తీస్తాను, ఏ వెలుగులో ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే గ్రాఫ్, అంటే హిస్టోగ్రామ్, కుడి గోడను గుద్దుకోకుండా చూసుకుంటాను.

ఎడిటింగ్‌లో బ్రైట్‌నెస్ మొత్తంగా పెంచకండి. డార్క్‌టేబుల్, గింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలోనూ కర్వ్ ఉంటుంది, అంటే ఛాయల వెలుగును మార్చే గీత, ఎడమవైపు నీడలు, కుడివైపు వెలుగులు. ఎడమవైపు గీతను కాస్త పైకి లాగి, కుడివైపు ఒక చుక్క పెట్టి పట్టి ఉంచండి. గీత నిటారుగా లేచినచోట పక్కపక్క ఛాయల తేడా పెరుగుతుంది, వాలిన చోట తగ్గుతుంది. నీడకు ఇచ్చినది మధ్య ఛాయల్లోంచి తీసుకున్నదే. దాంతో బొమ్మ కొంచెం చప్పబడుతుంది.

అప్పుడు అన్‌షార్ప్ మాస్క్ పనికొస్తుంది. మామూలుగా అంచులు పదునెక్కించడానికి రేడియస్, అంటే చుట్టూ ఎంత దూరం దాకా పనిచేయాలన్నది, ఒకటి రెండు పిక్సెళ్లు పెడతారు. ఇక్కడ 50 దాకా పెంచి, మోతాదు 20 శాతం దగ్గర ఆపాలి. సాఫ్ట్‌వేర్ ఫొటోను మసకబరిచి, అసలుకీ ఆ మసకకీ ఉన్న తేడాను మళ్లీ అసలుకు కలుపుతుంది. రేడియస్ పెద్దది కాబట్టి సన్నటి అంచులే కాదు, భుజం గుండ్రదనం, హారం కింది నీడ కూడా తేలతాయి. బొమ్మ చుట్టూ ఆకాశంలో తెల్లటి అంచు కనిపించిందంటే మోతాదు మించినట్టే, వెంటనే తగ్గించాలి.

నీడ స్లైడర్‌ను చివరిదాకా జరపాలనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. హారం వరసలు విడివిడిగా కనిపించగానే చెయ్యి ఆపేస్తాను. అది దాటితే రాయి బూడిదరంగుకు తిరుగుతుంది.