టీబీకి తిండి గొడవ: మద్రాసు ప్రయోగం అడగని ప్రశ్న

టీబీ రోగి ఖాతాలో తిండి కోసం సర్కారు నెలకు 1000 చొప్పున వేసే రూపాయలు (2024 నవంబరుకు ముందు 500) నిజంగా తిండికే పోతున్నాయా, దాని బదులు బియ్యం, పప్పు ఇవ్వొచ్చు కదా, అసలు మందులుండగా ఈ తిండి గొడవేంటి అని మళ్లీ వాదన లేచింది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి శానిటోరియంల (టీబీ రోగుల్ని చేర్చుకుని మంచి తిండి, విశ్రాంతి, గాలి అందించే ఆసుపత్రుల) కాలం సంగతి వదిలేద్దాం. ఈ వాదనకు అసలు మలుపు మద్రాసులో ఉంది.

1956లో అక్కడ వాలెస్ ఫాక్స్ అనే బ్రిటిష్ వైద్యుడి బృందం పేద రోగుల్ని చీటీలేసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపును శానిటోరియంలో చేర్చింది, రెండో గుంపును ఇరుకిళ్లలోనే ఉంచింది. మందులు మాత్రం అందరికీ అవే: ఐసోనియాజిడ్, పాస్ (PAS) అనే రెండు టీబీ మందులు, ఏడాదిపాటు. చివరికి శానిటోరియంలో 92 శాతం మందికి, ఇళ్ల దగ్గర 86 శాతం మందికి జబ్బు అణిగింది. ఇళ్లలో ఉన్నవాళ్లకు తిండి అంతంతమాత్రం, బరువు కూడా తక్కువే పెరిగారు, అయినా ఫలితంలో తేడా అంతే.

మెలికంతా ఇక్కడే ఉంది. రెండు గుంపుల మధ్య మార్చింది చోటు ఒక్కటే అంటారు గానీ, చోటుతో పాటు తిండి, విశ్రాంతి, గాలి అన్నీ కలిసే మారాయి. కొలిచింది రోగి కోలుకున్నాడా లేదా అన్నది. తిండి చాలని ఇంట్లో మిగతావాళ్లకు టీబీ ఎక్కువగా వస్తుందా అని ఆ ప్రయోగం అడగనే లేదు. అడగని ప్రశ్నకు జవాబు దాని నెత్తిన రుద్ది 'తిండితో పనేం లేదు' అనుకుంటూ ఏళ్లు గడిపేశారు.

ఆ ప్రశ్న అడిగింది జార్ఖండ్‌లో చేసిన 'రేషన్స్' అధ్యయనం. 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇందులో రోగులందరికీ తిండి ఇచ్చారు, తేడా పెట్టింది ఇంట్లోవాళ్ల దగ్గరే: కొన్ని ప్రాంతాల్లో పెద్దవాళ్లకు తలా నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు, మిగతా ప్రాంతాల్లో ఇవ్వలేదు. ఇంట్లోవాళ్లు మొత్తం 10,345 మంది. రేషన్ అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. (బియ్యం వల్లా మాత్రల వల్లా అంటే విడదీసి చెప్పలేం, అది వేరే సంగతి.) త్వరగా బరువు పెరిగిన రోగుల్లో చావులు తక్కువన్న మాటా ఇదే అధ్యయనంలోది, కానీ దాన్ని ఈ 39 శాతంతో కలిపేయకూడదు. కోలుకుంటున్నవాడు ఎలాగూ బరువు పెరుగుతాడు కదా.

డబ్బయితే రోగికి నచ్చింది కొనుక్కుంటాడు, గోదాముల బెడద ఉండదు అన్నది సర్కారు వైపు మాట. కావచ్చు. ఇంట్లోవాళ్లకూ తిండి బుట్టలిస్తామని 2024లోనే అన్నారు, అవేమో దాతల దయ మీద నడిచేవి. జార్ఖండ్‌లో పరీక్షించింది ఇంటిల్లిపాదికీ తిండి ఇవ్వడాన్ని. రోగి ఒక్కడి ఖాతాలో వేసే వెయ్యికి ఆ 39 శాతాన్ని చూపించడం కుదరదు.