గేర్‌బాక్స్ దించే ముందు: పాత ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనాల విషయంలో అపోహలు - వాస్తవాలు

పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండి ఉన్నచోటి నుంచి కదలకపోతే చుట్టూ చేరినవారి నోట మొదట వచ్చే మాట "గేర్‌బాక్స్ పోయింది" అన్నదే. చాలా ఏళ్లుగా ఈ బండ్ల గేర్‌బాక్సులు విప్పి బిగించే పనిలో ఉన్నవాడిగా, ఆ మాట ఎంత తొందరపాటుతో వస్తుందో, దానివల్ల ఎన్ని మంచి గేర్‌బాక్సులు అనవసరంగా బల్ల మీదికి చేరుతాయో దగ్గరగా చూశాను. ఇంజిన్ నుంచి చక్రం దాకా శక్తి నడిచే దారిలో గేర్‌బాక్స్ ఒక మజిలీ మాత్రమే. దానికి ముందు క్లచ్ గానీ, ఆటోమేటిక్ అయితే ఆయిల్ ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ గానీ ఉంటుంది. దాని తర్వాత శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, ఆ శక్తిని మోసుకెళ్లే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు, దాన్ని ఎడమ, కుడి చక్రాలకు పంచే రెండు డిఫరెన్షియల్స్, వాటి నుంచి చక్రాలకు వెళ్లే యాక్సిల్ షాఫ్టులు ఉంటాయి. ఈ గొలుసులో ఏ లంకె తెగినా సీటులో కూర్చున్నవారికి తెలిసేది ఒక్కటే: ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. తెగినది ఎక్కడో తేల్చే పనిలో చాలా భాగం, గేర్‌బాక్స్ మీద ఒక్క బోల్టు కూడా వదులు చేయకుండా పూర్తిచేయవచ్చు.

అపోహ: గేరు పడినా బండి కదలడం లేదంటే గేర్‌బాక్స్ లోపల ఏదో విరిగింది.

వాస్తవం: అన్నిటికంటే ముందు ట్రాన్స్‌ఫర్ కేసు లీవరును చూడాలి. హై (మామూలు వేగానికి), లో (నెమ్మదిగా, బలంగా లాగడానికి) రేంజిల మధ్య దానికి న్యూట్రల్ స్థానం ఉంటుంది. లీవరును లోపలికి కలిపే కడ్డీల (లింకేజి) బుష్‌లు అరిగిన పాత బండిలో లీవరు హైలో ఉన్నట్టు కనిపిస్తూనే, లోపల సెలెక్టరు న్యూట్రల్‌లో ఆగిపోయి ఉండవచ్చు. బండి కిందికి వెళ్లి, ఇంజిన్ ఆపి ఉండగా, ట్రాన్స్‌ఫర్ కేసు మీది సెలెక్టరు కడ్డీని నేరుగా దాని స్థానంలోకి తోసి చూస్తే ఈ సందేహం నిమిషాల్లో తీరిపోతుంది.

అది కాదని తేలితే తర్వాత చూడవలసినది స్పీడోమీటరు. చాలా పాత బండ్లలో స్పీడోమీటరు కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఔట్‌పుట్ నుంచి నడుస్తుంది. కాబట్టి చక్రాలు నిలిచి ఉండగా, గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు ముల్లు పైకి లేచిందంటే, గేర్‌బాక్సూ ట్రాన్స్‌ఫర్ కేసూ తమ పని తాము చేస్తున్నాయని, శక్తి ఆ తర్వాతే ఎక్కడో వృథాగా పోతోందని అర్థం. ముల్లు కదలకపోతే, కేబుల్ బాగున్నదన్న నమ్మకం ఉంటేనే, లోపం అంతకు ముందే, అంటే క్లచ్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసుల వైపే ఉందనుకోవాలి.

ఒకసారి నా దగ్గరికి ట్రాలీ మీద ఒక బండి వచ్చింది. నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి అందే రకం అది. మధ్యలో, ముందు వెనక యాక్సిళ్లకు శక్తిని పంచే సెంటర్ డిఫరెన్షియల్, దాన్ని లాక్ చేసే లీవరు ఉన్నాయి. గేర్‌బాక్స్ దించి కొత్తది వేయించుకోవడానికి యజమాని అప్పటికే సిద్ధపడి ఉన్నాడు. నేను మొదటి గేరు వేసి క్లచ్ మెల్లగా వదిలాను. ఇంజిన్ మీద బరువు పడలేదు గానీ స్పీడోమీటరు ముల్లు నింపాదిగా పైకి లేచింది. అద్దం దించి వింటే వెనక ఎడమ చక్రం వైపు నుంచి సన్నగా కొట్టుకుంటున్న లోహపు చప్పుడు వినిపించింది. సెంటర్ డిఫరెన్షియల్ లాక్ చేసి మళ్లీ క్లచ్ వదిలాను. బండి ముందు చక్రాల మీద సాఫీగా కదిలి వచ్చింది. వెనక ఎడమ హబ్ విప్పితే యాక్సిల్ షాఫ్ట్ స్ప్లైన్‌ల (షాఫ్టు చివర ఉండే పళ్ల) దగ్గర తెగి ఉంది. తెగిన ముఖం సగం మేర తుప్పు రంగులోనూ, మిగతా సగం కొత్త వెండిలాగా మెరుస్తూనూ ఉంది. అంటే ఆ పగులు చాలాకాలంగా లోపల పెరుగుతూ వచ్చి, ఆ రోజు మిగిలిన సగం ఒక్కసారిగా తెగిందన్నమాట.

ఇందులో వింతేమీ లేదు. లాక్ చేయని డిఫరెన్షియల్, ఏ వైపు అడ్డు తక్కువగా ఉంటే ఆ వైపే తిరుగుతుంది. తెగిన షాఫ్టు వైపు అడ్డు ఏమీ లేనందున, వెనక యాక్సిల్‌కు వచ్చినదంతా అటే పోతుంది. సెంటర్ డిఫరెన్షియల్ కూడా అదే లెక్కన ముందు యాక్సిల్‌ను వదిలేసి వెనక షాఫ్టునే తిప్పుతూ కూర్చుంటుంది. అవసరమైనప్పుడే ముందు చక్రాలను కలుపుకునే బండ్లలో ఇదే పరీక్షను టూవీల్ నుంచి ఫోర్‌వీల్‌కు మార్చి చేయాలి. అలా చేసేటప్పుడు ముందు చక్రాలను యాక్సిల్‌తో కలిపే, విడదీసే ఫ్రీవీల్ హబ్‌లు లాక్ అయి ఉన్నాయో లేదో చూసుకోకపోతే మళ్లీ తప్పుడు నిర్ణయానికే వస్తాము.

ఇక్కడ ప్రాణాల మీదికి వచ్చే విషయం ఒకటుంది, దానిని గట్టిగానే చెబుతున్నాను. ఈ కోవకు చెందిన చాలా బండ్లలో హ్యాండ్‌బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉన్న డ్రమ్ము ద్వారా ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. వెనక యాక్సిల్ షాఫ్టు తెగినా, వెనక చక్రాలలో ఒకటి జాకీ మీద పైకి లేచినా ఆ బ్రేకు బండిని ఆపలేదు. కనుక ఏ పరీక్షకైనా ముందు నాలుగు చక్రాలకూ అడ్డు చెక్కలు పెట్టాలి. కదిలించి చూసే పరీక్షలో, దారి ఖాళీగా ఉన్నదని నిర్ధారించుకున్న తర్వాతే వాటిని తీయాలి. ఇంజిన్ నడుస్తుండగా గేరులో ఉన్న బండి కిందికి ఎవరూ వెళ్లకూడదు.

ముల్లు కదలని సందర్భాలలో అన్నిసార్లూ గేర్లే విరగవు. ల్యాండ్‌రోవర్ డిఫెండర్‌లో వాడిన ఎల్‌టీ77, ఆర్380 గేర్‌బాక్సులలో, మెయిన్ షాఫ్టు చివర ట్రాన్స్‌ఫర్ కేసు ఇన్‌పుట్ గేరు ఎక్కే స్ప్లైన్‌లకు ఆయిల్ సరిగా అందక అవి అరిగిపోవడం ఈ పనిలో ఉన్నవారందరికీ తెలిసినదే. ఆయిల్ లోపలికి చేరేందుకు అడ్డంగా రంధ్రాలు వేసిన గేరు తర్వాత వచ్చింది. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉన్న పీటీఓ (బయటి పరికరాలకు శక్తి ఇచ్చే ద్వారం) మూత తీసి, ఆ గేరును వేలితో ముందుకూ వెనక్కూ తిప్పి చూస్తే స్ప్లైన్‌ల మధ్య ఆట తెలుస్తుంది. అక్కడ ఎర్రటి సన్నని పొడి అంటుకుని ఉంటే, లోహం పొడిగా ఒరుసుకుంటోందని దానర్థం.

అపోహ: గేరు వేసేటప్పుడు గరగరమంటే సింక్రో రింగులు (గేరు పడేముందు వేగాలను సమం చేసే రింగులు) అయిపోయినట్లే.

వాస్తవం: ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గేర్లన్నీ మెత్తగా పడుతూ, ఇంజిన్ నడుస్తున్నప్పుడు మాత్రమే మొరాయిస్తే ముందుగా అనుమానించవలసింది క్లచ్‌నే. పెడల్ పూర్తిగా తొక్కి, పదిదాకా లెక్కపెట్టి, అప్పుడు రివర్స్ వేసి చూడండి. చాలా పాత గేర్‌బాక్సులలో రివర్స్‌కు సింక్రో ఉండదు కాబట్టి, అంతసేపు ఆగినా పళ్లు ఒరుసుకుంటున్నాయంటే క్లచ్ ప్లేటు పూర్తిగా విడిపోకుండా ఇన్‌పుట్ షాఫ్టును ఇంకా తిప్పుతూనే ఉంది. దీనికి కారణం పెడల్ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసే స్లేవ్ సిలిండరు కారడం కావచ్చు, లైనులో గాలి చేరడం కావచ్చు, పెడల్ బిగించిన రేకు పగలడం కావచ్చు, క్లచ్ ఫోర్కు పివట్ దగ్గర అరిగి చిల్లు పడటమైనా కావచ్చు. ఒక మనిషి పెడల్ తొక్కుతుండగా ఇంకొకరు స్లేవ్ సిలిండరు రాడ్డు ఎంత దూరం కదులుతోందో కొలిచి, వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉన్న కొలతతో పోల్చితే చర్చకు తావుండదు.

ఒక్క గేరులోనే, అదీ వేగంగా మార్చినప్పుడే గరగరమంటూ, రెండుసార్లు క్లచ్ తొక్కి మారిస్తే చప్పుడు లేకుండా పడుతుంటే అప్పుడది సింక్రో రింగే.

అపోహ: చిక్కటి ఆయిల్ పోస్తే గేర్‌బాక్స్ శబ్దం తగ్గుతుంది, ఆయుష్షు పెరుగుతుంది.

వాస్తవం: శబ్దం మనతో మాట్లాడుతున్నప్పుడు దాని నోరు నొక్కడం వంటిది ఇది. న్యూట్రల్‌లో క్లచ్ వదిలి ఉన్నప్పుడు ఉన్న మూలుగు, పెడల్ తొక్కగానే ఆగిపోతే అది ఇన్‌పుట్ షాఫ్టు లేదా లేషాఫ్టు (గేర్‌బాక్స్ లోపలి పక్క షాఫ్టు) బేరింగులది. పెడల్ తొక్కినప్పుడే మొదలైతే క్లచ్‌ను నొక్కి విడదీసే రిలీజ్ బేరింగుది. అన్ని గేర్లలోనూ ఉండి, శక్తి నేరుగా పోయే నాలుగో గేరులో బాగా తగ్గిపోతే లేషాఫ్టు బేరింగులను అనుమానించాలి, ఎందుకంటే ఆ ఒక్క గేరులో లేషాఫ్టు మీద బరువు పడదు. ఏ గేరులో ఉన్నా, న్యూట్రల్‌లో జారుతున్నా బండి వేగాన్ని బట్టే మారే శబ్దమైతే గేర్‌బాక్సును వదిలి ట్రాన్స్‌ఫర్ కేసు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్‌లు, డిఫరెన్షియల్స్ వైపు చూడాలి.

ఆయిల్ రకం విషయంలో తయారీదారు చెప్పినదే చివరి మాట. ఇందాక చెప్పిన ఎల్‌టీ77 మాన్యువల్ గేర్‌బాక్సే అయినా దానికి పోయవలసినది ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సులకు వాడే పలుచటి ఆయిల్. అందులో చిక్కటి గేర్ ఆయిల్ పోస్తే చలిలో గేర్లు పడటమే కష్టమవుతుంది. అలాగే డిఫరెన్షియల్ కోసం ఉద్దేశించిన జీఎల్-5 తరగతి గేర్ ఆయిళ్లలో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు ఎక్కువ మోతాదులో ఉంటాయి. వాటిలో కొన్ని కంచు, ఇత్తడి సింక్రో రింగులను కాలక్రమంలో తినేస్తాయి. జీఎల్-4 అని రాసి ఉన్నచోట జీఎల్-5 ఇంకా మంచిదని పోయడం పొరపాటు.

అపోహ: ఫోర్‌వీల్ లీవరు ఇరుక్కుపోతే ట్రాన్స్‌ఫర్ కేసు పాడైంది.

వాస్తవం: సెంటర్ డిఫరెన్షియల్ లేని బండిని గట్టి రోడ్డు మీద ఫోర్‌వీల్‌లో తిప్పితే, మలుపులలో ముందు వెనక చక్రాలు నడిచే దూరాల తేడా షాఫ్టులలో మెలికగా పేరుకుపోతుంది. నాలుగు టైర్ల చుట్టుకొలత ఒక్కటి కాకపోయినా ఇదే జరుగుతుంది. లీవరును బలంగా లాగకుండా, బండిని నేరుగా కొంతదూరం వెనక్కి నడిపితే సాధారణంగా అదే వదులుతుంది.

అపోహ: ఆటోమేటిక్ జారుతోందంటే లోపలి క్లచ్‌లు కాలిపోయాయి, ఓవర్‌హాల్ తప్ప దారి లేదు.

వాస్తవం: ఆటోమేటిక్‌లో క్లచ్‌ను అదిమి పట్టేది ఆయిల్ ఒత్తిడి. ఒత్తిడి తగ్గితే బాగున్న క్లచ్ కూడా జారుతుంది, అలా జారుతూ జారుతూ నిజంగానే కాలిపోతుంది. అందుకే మట్టాన్ని సరిగా చూడటం నుంచి మొదలుపెట్టాలి: బండి సమతలం మీద, ఆయిల్ పని వేడికి వచ్చి, ఇంజిన్ నడుస్తుండగా. లీవరు ఎక్కడ ఉండాలన్నది తయారీని బట్టి మారుతుంది. క్రైస్లర్ వారి పాత టార్క్‌ఫ్లైట్ ఆటోమేటిక్ గేర్‌బాక్సులలో పార్క్‌లో ఉంటే కన్వర్టరుకు ఆయిల్ అందదు కాబట్టి న్యూట్రల్‌లోనే చూడాలి. చదును నేల మీద బాగా నడిచి, ఎత్తు ఎక్కుతున్నప్పుడో పక్కకు ఒరిగినప్పుడో మాత్రమే జారే బండిలో, ఆయిల్ తక్కువై పంపు గాలి పీల్చుకుంటూ ఉండవచ్చు. ఎక్కువైనా ముప్పే: తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి, నురగకు ఒత్తిడి నిలవదు.

బయట ఎక్కడా చుక్క కారకుండా మట్టం తగ్గుతూ, ఎగ్జాస్ట్‌లో తెల్లని పొగ కనిపిస్తుంటే, వాక్యూమ్ మాడ్యులేటరు (ఇంజిన్ పీల్పును బట్టి ఆయిల్ ఒత్తిడిని మార్చే చిన్న డబ్బా) ఉన్న గేర్‌బాక్సులలో దాని గొట్టం ఊడదీసి చూడండి. గొట్టంలో ఎర్రటి ఆయిల్ తడి ఉంటే లోపలి పొర చిరిగింది, ఇంజిన్ దానిగుండా ఆయిల్ పీల్చి కాల్చేస్తోంది. చేతితో విప్పి మార్చగల ఆ చిన్న డబ్బా కోసం గేర్‌బాక్స్ మొత్తాన్ని దించినవారున్నారు. మాడ్యులేటరుకు బదులు థ్రాటిల్ కేబుల్ ఉన్నవాటిలో, ఆ కేబుల్ వదులైతే ఒత్తిడి చాలక క్లచ్‌లు జారతాయి. దాన్ని సరిచేయకుండా కొత్త క్లచ్‌లు వేస్తే అవీ మిగలవు.

ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలాక, ఏ గేరులో జారుతోందో రాసుకోవాలి. పాత మూడు గేర్ల టార్క్‌ఫ్లైట్‌నే చూద్దాం: మూడో గేరులోనూ రివర్స్‌లోనూ జారి, మొదటి రెండూ గట్టిగా పట్టుకుంటే, మూడో గేరుకూ రివర్స్‌కూ ఉమ్మడిగా పనిచేసే ముందు క్లచ్ దగ్గరికి వేలు వెళుతుంది. డ్రైవ్‌లో మొదటి గేరు బాగుండి, రివర్స్‌లోనూ చేతితో వేసిన లో గేరులో ఇంజిన్ బ్రేకింగ్‌లోనూ పట్టు లేకపోతే లో-రివర్స్ బ్యాండు (డ్రమ్మును చుట్టి పట్టే పట్టీ). ముందుకు వెళ్లే గేర్లన్నీ జారి రివర్స్ ఒక్కటే బాగుంటే వెనక క్లచ్. అన్ని గేర్లూ ఒకేలా జారితే పంపు, ఫిల్టరు, ఒత్తిడి. అప్పుడు టెస్ట్ పోర్టుకు గేజి బిగించి కొలవాలి. బ్రేకు తొక్కిపట్టి పూర్తి ఆక్సిలరేటర్ ఇచ్చే స్టాల్ పరీక్షను మాత్రం చివరికి ఉంచండి. ఆ కొద్ది క్షణాల్లో ఇంజిన్ బలమంతా కన్వర్టరులో వేడిగా మారుతుంది గనుక ఐదు సెకన్లు మించకూడదు.

అపోహ: పాత ఆటోమేటిక్‌లో ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ చచ్చిపోతుంది.

వాస్తవం: ఆయిల్ మార్చిన వారం తర్వాత ఆగిపోయిన గేర్‌బాక్స్‌లు ఉన్నాయి, కానీ వాటిలో అధిక భాగం అప్పటికే జారుతున్నవే, జారుతున్నందువల్లే ఆయిల్ మార్చినవే. నా సలహా ఏమిటంటే యంత్రంతో ఒత్తిడి పెట్టి కడగకుండా, అడుగు పాన్ దించి, ఫిల్టరు మార్చి, వచ్చినంత ఆయిల్ మాత్రమే మార్చండి. ఆ పాన్‌ను వెంటనే కడిగేయకండి, అందులో ఉన్నదాన్ని చదవండి. అయస్కాంతం మీద కాటుకలాంటి మెత్తని బూడిదరంగు ముద్ద ఉండటం సహజం. వేళ్ల మధ్య గరుకుగా తగిలే ఉక్కు రవ్వలు గేర్లవో బేరింగులవో. అయస్కాంతానికి అంటని పసుపు మెరుపు బుష్‌లదీ థ్రస్ట్ వాషర్లదీ. మాడు వాసనతో నల్లటి పొడి అడుగున మందంగా పేరుకుంటే అది క్లచ్ లైనింగు.

అపోహ: గేర్‌బాక్స్ మూసి ఉన్న పెట్టె, వాగు దాటినంత మాత్రాన నీళ్లు లోపలికి పోవు.

వాస్తవం: వేడెక్కిన గేర్‌బాక్సు చల్లటి నీటిలో ఒక్కసారిగా మునిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. లోపలి గాలి వచ్చిపోయే బ్రీదరు గొట్టం బురదతో పూడి ఉంటే ఆ లోటు పూడ్చుకోవడానికి సీళ్ల అంచుల నుంచి నీటిని లాక్కుంటుంది. గొట్టం తెరిచి ఉన్నా దాని కొస నీటిలో మునిగితే అదే దారి అవుతుంది. ఆటోమేటిక్‌లో ఈ నీరు క్లచ్ లైనింగును అతికించిన జిగురును పాడుచేస్తుంది కాబట్టి, డిప్‌స్టిక్ మీద గులాబీ రంగు మజ్జిగలాంటిది కనిపించిన క్షణం నుంచి బండిని నడపకూడదు. వాగు దాటని బండిలో అదే రంగు కనిపిస్తే రేడియేటరు లోపలి ఆయిల్ కూలరు పగిలిందేమో చూడాలి. చాలాసార్లు రేడియేటరు మూత కింద ఆయిల్ జిడ్డు కూడా తేలుతుంది. మాన్యువల్ గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, డిఫరెన్షియల్స్ అయితే బండిని ఒక రాత్రి కదపకుండా ఉంచి, తెల్లవారాక డ్రెయిన్ ప్లగ్గును మెల్లగా వదులు చేయండి. నీరు ఆయిల్ కంటే బరువు గనుక, లోపల నీరుంటే ముందు వచ్చే చుక్కలు అవే.