కరోనా తర్వాత మనుషులు కలవడం: అపోహలు - వాస్తవాలు

కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా నేను తరచూ వినే మాటలివి.

అపోహ: రీల్స్, గేమ్స్ వల్లే మనుషులు కలవడం మానేశారు.

వాస్తవం: వాటి పాత్ర లేదనను. కానీ నేను చూసినంతలో అసలు నష్టం పనికొచ్చే యాప్‌లతోనే జరిగింది. కరెంటు బిల్లుకి లైన్లో నిలబడటం, బ్యాంకులో పాస్‌బుక్ ప్రింట్ వేయించుకోవడం, కొట్లో చిల్లర కోసం ఆగడం... ఆ వంకతో నాలుగు మాటలు నడిచేవి. 2020 మార్చిలో దేశమంతా కలిపి యూపీఐ లావాదేవీలు సుమారు 125 కోట్లు. 2023 ఆగస్టులో, ఆ ఒక్క నెలలోనే, వెయ్యి కోట్లు దాటాయి. సౌకర్యమే, నేనూ అలాగే కడతాను. అయితే రిటైరైన పెద్దాయనకి గడప దాటడానికున్న వంకలు ఒక్కొక్కటే పోయాయి. ఆయన నాతో ‘ఒంటరితనం’ అనరు. "ఏం తోచట్లేదమ్మా, నిద్ర పట్టట్లేదు" అంటారు. వారానికి ఒక పనైనా యాప్‌లో కాకుండా మీరే వెళ్లి చేసుకురండి అని చెబుతాను. రైతుబజారైతే మరీ మంచిది, నలుగురితో మాట్లాడకుండా ఎలాగూ రాలేరు.

అపోహ: రోజూ వీడియో కాల్ చేస్తున్నాం, అమ్మానాన్నలకు అది చాలు.

వాస్తవం: పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లకు అది పెద్ద ఊరటే. కానీ ఒకసారి గమనించండి. ఫోన్ చక్కెర డబ్బాకి ఆనించి ఉంటుంది, తెర మీద సగం తల, సగం ఫ్యాను. "తిన్నావా?" "తిన్నా, మీరు?" అంతే, ఆపైన మాట దొరకదు. ఎదురెదురుగా ఉన్నప్పుడు ఒకరు ఆపగానే ఇంకొకరు మాట అందుకోవడానికి సుమారు సెకనులో ఐదో వంతు పడుతుంది. నెట్ కాస్త ఆలస్యమైనా మాట మీద మాట పడి ఇద్దరూ ఆగిపోతారు. పైగా మన ముఖం మనకే కనిపిస్తుండటం కూడా అలసటే అని స్టాన్‌ఫోర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ 2021లో రాశారు. నన్నడిగితే వారంలో రెండు రోజులు మామూలు కాల్ చేయండి. అమ్మ గోరుచిక్కుళ్లు తుంచుకుంటూ అరగంట మాట్లాడుతుంది.

అపోహ: ఉన్నట్టుండి ఫోన్ చేస్తే అవతలివాళ్లకు ఇబ్బంది, మెసేజే మర్యాద.

వాస్తవం: కాలేజీ పిల్లలందరిదీ ఇదే టెన్షన్. అమిత్ కుమార్, నికోలస్ ఎప్లీ అనే పరిశోధకులు కొందరిచేత పాత స్నేహితులను పలకరింపజేశారు, ఫోన్‌లో కొందరిని, ఈమెయిల్‌లో కొందరిని. ఫోన్ అయితే ఇబ్బందిగా ఉంటుందని ముందు భయపడ్డారు. తీరా చూస్తే ఇబ్బందేమీ ఎక్కువ కాలేదు, దగ్గరితనం మాత్రం ఫోన్‌లోనే ఎక్కువైంది.

అపోహ: ఒంటరితనం ముసలితనంలో వచ్చేది.

వాస్తవం: కాదు. ప్రపంచంలో ఆరుగురిలో ఒకరికి ఒంటరితనం ఉందని, టీనేజీ పిల్లల్లో అది ఇంకా ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక చెబుతోంది.

అపోహ: ఆన్‌లైన్ కౌన్సెలింగ్ దండగ.

వాస్తవం: ఊళ్లో క్లినిక్ మెట్లెక్కితే నలుగురూ చూస్తారని జంకేవాళ్లకు ఇంట్లోంచి ఫోన్‌లో మాట్లాడటమే మొదటి మెట్టు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.